ఓడలలో ఉదయపు ఫలహారము

సముద్రయానమన్న మాట వినినంతనే పూర్వము మన యిండ్లలో రెండు భయములు పుట్టెడివి. ఒకటి గాలివాన భయము. రెండవది భోజన భయము. ఓడలో ఎవరు వండుదురో, ఏమి వండుదురో, ఏ గరిటె దేనిలో మునిగినదో యను శంక పెద్దలను గాలివానకంటె నెక్కువగా బాధించెడిది. 1888వ సంవత్సరము సెప్టెంబరు నెలలో బొంబాయినుండి ఇంగ్లండునకు ‘క్లైడు’ అను ఓడపై బయలుదేరిన మోహనదాసు గాంధి అప్పటికి పదునెనిమిదేండ్ల యువకుడు. కత్తి, ముల్లు పట్టుట తెలియకయు, ఏ వంటకమున మాంసమున్నదో అడుగుటకు ధైర్యము చాలకయు, ఆయన బల్లకడకు పోక, వెంట తెచ్చుకొన్న మిఠాయిలతోను, పండ్లతోను తన గదిలోనే కాలము గడపినట్లు ఆత్మకథలో చెప్పుకొనియున్నారు.

నేడు ఆ భయములు చాలవఱకు తీఱినవి. ఒక తీరమునుండి వేఱొక తీరమునకు చేరుటకై కాక, కేవలము విహారమునకే ఓడ యెక్కువారు 2023వ సంవత్సరమున లోకమంతటను 3 కోట్లకు మించిరి. మన తెలుగు తీరమునకును ఈ వాడుక వచ్చినది. 2022 జూన్ నెలలో ‘ఎంప్రెస్’ అను విహారనౌక చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకు వచ్చెను. 2023 సెప్టెంబరు 4వ తేదీన విశాఖరేవులో ఇట్టి ఓడల కొఱకే నిర్మింపబడిన ప్రయాణికుల భవనము ప్రారంభమయ్యెను. అమెరికాలోను, సింగపూరులోను ఉద్యోగములు చేయు బిడ్డలు తల్లిదండ్రులను పిలిపించుకొని ఓడ యెక్కించుట యిప్పుడు వింత కాదు. కావున ఓడలోని వంటశాల సంగతి మన యిల్లాండ్రకును తెలిసియుండుట మంచిది. అందును ఉదయపు ఫలహారమును గుఱించి మేము ప్రత్యేకముగా వ్రాయుచున్నాము. ఏలయన, ఆ దినపు ఆరోగ్యమంతయు ఆ పూట పళ్లెముపైననే యాధారపడియుండును.

ఈ విహారనౌకలను క్రూజు ఓడలందురు. వీనిలో ఉదయపు ఫలహారము రెండు విధములుగా దొరకును. భోజనశాలలో బల్లయొద్ద కూర్చుండి, జాబితా చూచి కోరినచో, పరిచారకుడు తెచ్చి వడ్డించుట మొదటి విధము. పై అంతస్తున, ఈతకొలనునకు చేరువగా, గాజు కిటికీలుగల విశాలమైన శాలలో వంటకములన్నియు వరుసగా అమర్చియుండగా, ఎవరికి వారే పళ్లెము చేతబట్టుకొని వడ్డించుకొనుట రెండవ విధము. దీనినే బఫే యందురు. ఈ శాల యుండు అంతస్తునకు చాల ఓడలలో ‘లిడో’ యని పేరు. వెనీసు నగరమునకు ఎదురుగా, సముద్రస్నానములకు ప్రసిద్ధికెక్కిన ద్వీపము పేరే యిది.

బఫే యను మాట ఫ్రెంచివారిది. గోడప్రక్కన గిన్నెలు, పళ్లెములు ఉంచు బల్లకు అది పేరు. వంటకములన్నిటిని ఒకే బల్లపై పఱచి, అతిథులనే వడ్డించుకొనుమను ఆచారము స్వీడను దేశమున చిరకాలముగా నున్నది. 1939లో న్యూయార్కు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున స్వీడనువారు ఇట్టి బల్లను పఱచి చూపుటతో అమెరికావారికి దానిపై మక్కువ కలిగెను. అంతకు పూర్వపు పెద్ద ఓడలలో ఉదయభోజనము తినువారి బల్లకే వచ్చుచుండెను. 1912 ఏప్రిల్ 14వ తేదీ ఉదయమున ‘టైటానిక్’ ఓడలో మూడవ తరగతివారి జాబితాలో ఓట్ల జావ, పాలు, పొగబెట్టిన హెఱ్ఱింగు చేపలు, తొక్కతో ఉడికిన ఉర్లగడ్డలు, పందిమాంసము, గ్రుడ్లు, రొట్టె, వెన్న, నారింజ మురబ్బా, టీ, కాఫీ ఉన్నవి. బీదప్రయాణికులకు అది మంచి ఆహారమే. ఆ రాత్రియే ఓడ మంచుకొండను తాకెను.

నేటి శాలలోనికి అడుగిడినవారికి మొదట కన్నులు చెదరును. ఒకవైపున కర్బూజ, పుచ్చ, అనాస, బొప్పాయి ముక్కలు రంగులు దీర్చినట్లుండును. దాని ప్రక్కన పెరుగు, చీజు, మొక్కజొన్న అటుకులు, ఎండుద్రాక్ష, బాదముపప్పు. ఇంకొకవైపున పొరలు పొరలుగా విచ్చిన ఫ్రెంచి రొట్టెలు, తీపి రొట్టెలు, వెన్న, తేనె. వేడి బల్లలపై ఓట్ల జావ, గ్రుడ్లు, ఉర్లగడ్డల వేపుడు, బేకను, సాసేజి మొదలగు మాంసములు. ఒక మూల వంటవాడు నిలుచుండి, అడిగినవారికి ఉల్లి, మిరప, టమాటా వేసి గ్రుడ్లతో అట్టు పోసి యిచ్చును. తూర్పుదేశములవారు ఎక్కువగా ఎక్కు ఓడలలో బియ్యపు గంజియు, సోయా పులుసును ఉండును. మన దేశపు రేవులనుండి కదలు ఓడలలో ఇడ్లీ, సాంబారు, ఉప్మా, పూరీ వంటివి కనబడుట కలదు.

ఈ సంపద వెనుక ఎంత శ్రమ యున్నదో చూడుడు. 2024 జనవరిలో ప్రయాణములు మొదలుపెట్టిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ అను ఓడ నిండుగా 7,600 మంది ప్రయాణికులను మోయగలదు. సిబ్బంది రమారమి 2,350 మంది. అనగా ఒక చిన్న పట్టణమంత జనము ఒకే వేళకు ఆకలిగొని లేచును. రొట్టెలు కాల్చువారు రాత్రియంతయు పనిచేసిన గాని తెల్లవాఱునప్పటికి బల్ల నిండదు. నడిసముద్రమున అంగడి లేదు గాన, పాలు మొదలు పండ్లవఱకు చాలవఱకు ఓడ కదలునాడే లెక్కవేసి ఎక్కించుకొందురు. వెచ్చములు తూచి నెల గడపు ఇల్లాలికి ఈ లెక్కలోని కష్టము చెప్పనక్కఱలేదు.

వండుట యెంత కష్టమో, వండినదానిని చెడకుండ నిలుపుట అంతకంటె కష్టము. అమెరికా రేవులకు వచ్చు విదేశయాత్రల ఓడలను పరీక్షించుటకై ఆ దేశపు ఆరోగ్యశాఖవారు 1970వ దశకమున ఒక పద్ధతి నేర్పఱచిరి. వారి నియమము ప్రకారము వేడి పదార్థములు 57 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గరాదు; చల్లని పదార్థములు 5 డిగ్రీలకు మించరాదు. ఈ రెంటి నడుమనే సూక్ష్మక్రిములు త్వరగా పెరుగును. అట్లు ఉంచుటకు వీలుకాని పదార్థమును వేళ గుర్తుపెట్టి, 4 గంటలు దాటినచో పాఱవేయవలయును. ముందుగా చెప్పకయే ఓడలోనికి వచ్చి పరీక్షించి, నూటికి ఇన్నియని మార్కులు వేయుదురు. 86కు తగ్గినచో ఓడ తప్పినట్లే. ఉదయము రుబ్బిన కొబ్బరి పచ్చడిని సాయంకాలమువఱకు వంటయింటి గట్టుపై నుంచు మనకును ఈ నియమమున నేర్చుకొనవలసినది కలదు.

ఇంతవఱకు చెప్పినది ఓడవారి కర్తవ్యము. ఇక మన కర్తవ్యమునకు వత్తము. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

మన పంక్తిభోజనమున తినువారు వేఱు, వడ్డించువారు వేఱు. వడ్డించునామె చేతులు కడుగుకొని, గరిటె విస్తరికి తగులకుండ పైనుండి వడ్డించును. తినువారు ఎంగిలిచేతితో గిన్నెను ముట్టరు. ఎవరికి ఎంత కావలయునో, పసివానికి ఏది పడదో, వృద్ధునికి ఏది మెత్తగా నుండవలయునో వడ్డించునామె యెఱుగును. మడి యను పేరిట వెనుకటి కాలమున మనుష్యులను మనుష్యులే దూరముంచిన దోషమును మేము సమర్థింపము, అది పోవలసినదే. అయినను అందలి చేతి శుభ్రతయు, ఎంగిలి విచారమును విడువదగినవి కావు. బఫేలో తినువారే వడ్డించువారు. వందలకొలది చేతులు ఒకే గరిటెను పట్టును. కావున పూర్వము వడ్డించునామె యొక్కతె పాటించిన నియమములన్నియు ఇప్పుడు పళ్లెము పట్టిన ప్రతివారి మీదికిని వచ్చినవి. ఈ సంగతి చాలమంది గుర్తింపరు. అడుగువారు లేరు గాన నియమమును లేదనుకొందురు.

గుర్తింపనిచో ఏమగునో జపానువారు కన్నులకు కట్టినట్లు చూపిరి. 2020 ఫిబ్రవరిలో యోకొహామా రేవున నిలిపివేయబడిన ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడలో 3,711 మంది యుండగా 712 మందికి కోవిడు వ్యాధి సోకెను. ఆ సంవత్సరమే ఎన్.హెచ్.కె. యను ప్రసారసంస్థవారు నిపుణులతో కూడి యొక పరీక్ష చేసిరి. పదిమందిని బఫే శాలలో కూర్చి, వారిలో ఒకరి చేతులకు మాత్రము ప్రత్యేకదీపపు వెలుగున మెఱయు రంగును పూసిరి. అందఱును ఎప్పటివలెనే వడ్డించుకొని తినిరి. అఱగంట గడచి దీపము వెలిగించి చూడగా ఆ రంగు అందఱి చేతులకును, ముగ్గురి ముఖములకును అంటియుండెను. పటకారుల పిడులు, పాత్రల మూతలు దానిని చేతినుండి చేతికి మోసినవి. వంటకమున దోషము లేదు. పట్టిన చేతిలోనే యున్నది.

ఓడలలో కడుపునకు సంబంధించిన వ్యాధులలో మిక్కిలి తఱచుగా వచ్చునది నోరోవైరసు వలని వ్యాధి. 1968లో అమెరికాలోని నార్వాక్ అను ఊరి పాఠశాలలో పిల్లలకు సోకినందున ఆ ఊరిపేరే దానికి నిలిచినది. కంటికి కనబడని కణములు వందకు లోపుగా లోనికి పోయినను చాలును. 12 మొదలు 48 గంటలలో వాంతులు, విరేచనములు పట్టుకొనును. సాధారణముగా ఒకటి మొదలు మూడు దినములలో తగ్గిపోవును. కాని పసిబిడ్డలకును, వృద్ధులకును ఒంటిలోని నీరు పోయి ప్రమాదము కలుగవచ్చును. అట్టివారికి ఉప్పు, చక్కెర కలిసిన ద్రవమును కొంచెము కొంచెముగా త్రాగించుచు, వెంటనే ఓడవైద్యునికి తెలుపవలయును. సెలవుదినములు వ్యర్థమగునని రోగమును దాచి, మఱల బఫే శాలకు పోవుట ఘోరమైన అపరాధము. ప్రయాణికులలో గాని సిబ్బందిలో గాని నూటికి ముగ్గురికి ఈ లక్షణములు కనబడినచో అమెరికా ఆరోగ్యశాఖవారు ఆ ఓడపేరును బహిరంగముగా ప్రకటింతురు. అట్టి సమయములలో బఫేలో గరిటెలను ప్రయాణికుల చేతికీయక సిబ్బందియే వడ్డింతురు.

న్యాయమునకై ఒక మాట చెప్పవలయును. ఓడలంటే రోగముల పుట్టలని కొందఱనుట సరికాదు. అమెరికాలో లెక్కకెక్కిన నోరోవైరసు వ్యాప్తులలో ఓడలలో జరుగునవి నూటికి ఒకటి మాత్రమే. తక్కినవన్నియు నేలమీద, వైద్యశాలలలోను, వృద్ధులను పోషించు గృహములలోను, పాఠశాలలలోను, భోజనశాలలలోను జరుగునవే. ఓడలలో లెక్క కట్టుదిట్టముగా వ్రాయుదురు గాన మనకు తెలియుచున్నది. పెండ్లి భోజనములలో ఇప్పుడు బఫే వచ్చినది. అక్కడ లెక్క వ్రాయువారెవరు?

శాల ద్వారమున సిబ్బంది నిలుచుండి చేతులపై మందునీరు చల్లుదురు. కొన్ని ఓడలలో ‘వాషీ వాషీ’ యని నవ్వుచు, పాడుచు పిలుతురు. పిల్లలకు అది వేడుక. కాని సారాయముతో చేసిన ఆ ద్రవము నోరోవైరసును చక్కగా చంపదు. సబ్బుతో, పాఱు నీటిలో, వ్రేళ్ల సందులు, గోళ్లు రుద్ది కడుగుకొన్నదే నిజమైన శుద్ధి. కావున ముందు చేతులు కడుగుకొని, పిమ్మట ద్వారము దాటవలయును. వడ్డించుకొన్న తరువాత, పటకారు పట్టిన చేతినే నోటికి తీసికొనిపోవుదుము గాన, తినుటకు ముందు మఱల కడుగుకొనుట మేలు. చేతితో తినుట మన యలవాటు; అది మంచిదే; కాని చేతితో తినువారికి ఈ రెండవ కడుగుడు తప్పనిసరి. రెండవమాఱు వడ్డించుకొనబోవునప్పుడు క్రొత్త పళ్లెము తీసికొనవలయునని ఓడలలో నియమము కలదు. ఎంగిలి పళ్లెముతో వంటకము కడకు పోరాదన్న మన అవ్వల మాటయు ఇదియే కదా!

కోవిడు పిమ్మట 2021లో ప్రయాణములు మఱల మొదలైనప్పుడు పెక్కు ఓడలలో సిబ్బందియే గాజు తెర వెనుకనుండి వడ్డించిరి. క్రమముగా చాల ఓడలు పాత పద్ధతికే మరలినవి. ఆ సంవత్సరమే ప్రయాణికులతో యాత్రలు మొదలుపెట్టిన ‘స్కార్లెట్ లేడీ’ వంటి కొన్ని ఓడలు మాత్రము బఫే లేకుండనే నిర్మింపబడినవి. అందు చిన్న చిన్న అంగడులవలె వేఱువేఱు వంటకపు గదులుండి, అడిగినది వండి యిత్తురు.

ఇక శాకాహారుల సంగతి. కంటికి శాకముగా తోచునదంతయు శాకము కాదు. అమెరికాపద్ధతిని తీపి పులుసులో వండిన చిక్కుడు గింజలలో పందిమాంసపు ముక్క యుండుట కలదు. ఉర్లగడ్డల వేపుడును బేకను వేగిన పెనముపైననే వేయవచ్చును. జపాను సోయా పులుసునకు తఱచు చేపల కషాయమే మూలము. పాన్‌కేకులు, వాఫిళ్లు, మెత్తని తీపి రొట్టెలలో గ్రుడ్డు కలియును. కొన్ని పెరుగులలో జెలాటిను ఉండును; అది జంతువుల యెముకలనుండియు, చర్మమునుండియు తీయునది. కావున అడుగుటకు సిగ్గుపడరాదు. టిక్కెట్టు కొనునప్పుడే మన నియమమును వ్రాసి తెలుపుట మంచిది. ఓడ యెక్కిన దినమున భోజనశాల పెద్దను కలిసికొని, ‘గ్రుడ్డు, చేప, మాంసము, వీని కషాయము కూడదు’ అని విడమఱచి చెప్పవలయును. ఒట్టి ‘శాకాహారము’ అన్నచో గ్రుడ్డును శాకముగా నెంచువారు పరదేశములలో పెక్కుమంది.

మేము ఒకప్పుడు ఓడప్రయాణము చేసినప్పుడు చూచిన యొక సంగతి చెప్పెదము. డెబ్బదియేండ్లు దాటిన యొక అవ్వ, కొడుకు కోడండ్రతో వచ్చినది, ఉదయమున ఖాళీ పళ్లెము ముందుంచుకొని కూర్చుండెను. ఎవరో ఉప్మాలో మాంసపు పటకారును పెట్టుట ఆమె కన్నులార చూచెనట. కోడలు, ‘అత్తయ్యగారూ, ఇది ఓడ, ఇక్కడ ఇవన్నియు చూడరాదు’ అని మెల్లగా బ్రతిమాలుచుండెను. ఆ ప్రక్కన బల్ల తుడుచుచున్న మణిపురపు పిల్లవాడొకడు భాష తెలియకున్నను సంగతి గ్రహించెను. లోపలికి పోయి, మూతపెట్టిన గిన్నెలో వేడి ఉప్మాయు, క్రొత్త గరిటెయు తెచ్చి, ఆమె కెదుట మూత తీసి చూపి, రెండు చేతులతో వడ్డించెను. అవ్వ తినుచు, ‘నీవు తింటివా నాయనా?’ అని తెలుగుననే యడిగెను. వానికి మాట అర్థము కాలేదు గాని, నవ్వెను. అడుగని యెడల ఆమె ఆ వారమంతయు పండ్లతో గడపియుండెడిది. తప్పు పటకారు మార్చిన వానిది, దిద్దినవాడు పరిచారకుడు.

ఆ అవ్వ వేసిన ప్రశ్న అందఱము వేయదగినది. మనకు వడ్డించువారు ఎప్పుడు తిందురు? ఓడ పరిచారకులలో ఫిలిప్పీన్సు, ఇండోనేషియా, భారతదేశములవారు పెక్కుమంది. ఒక్కొక్కమాఱు ఆఱు మొదలు తొమ్మిది నెలలవఱకు ఇల్లు విడిచి యుందురు. 2006లో కుదిరి 2013 ఆగస్టున అమలునకు వచ్చిన నావికుల శ్రమ ఒడంబడిక ప్రకారము, 24 గంటలలో పని 14 గంటలకు, వారములో 72 గంటలకు మించరాదు; లేక విశ్రాంతి దినమునకు 10 గంటలకు, వారమునకు 77 గంటలకు తగ్గరాదు. మన దేశము 2015లో దానిని అంగీకరించినది. నియమమే యింత పని ననుమతించుచుండగా, వారి బడలిక యెంతయో ఊహింపవచ్చును. చాల అమెరికా ఓడలలో పరిచారకుల బహుమానముగా దినమునకు తలకు రమారమి 16 మొదలు 20 డాలర్లు లెక్కలో చేర్చుదురు. కొందఱు దానిని కొట్టివేయించుకొని మిగిల్చితిమని సంతసింతురు. అది ధర్మము కాదు. పేరు చదివి పిలుచుట, ‘దయచేసి’ యనుట, పిల్లలు నేలపై చిందించినదానిని కొంతయైనను మనమే యెత్తుట మన గౌరవమునకు తక్కువ కాదు.

వ్యర్థమును గుఱించి ఒక మాట. భారతమున సూర్యుడు ధర్మరాజున కొసగిన అక్షయపాత్ర యెందఱికైనను అన్నము పెట్టగలిగినను, ద్రౌపది భుజించినంతనే ఆ దినమునకు చాలించును. అక్షయమైన పాత్రకును ఒక హద్దు కలదు. బఫేలో హద్దు కనబడదు. కన్ను కడుపుకంటె ముందు పరుగెత్తును. పళ్లెమున మిగిలినదానిని ఎవ్వరును తినరు. సముద్రమును కాపాడు అంతర్జాతీయ నియమము ప్రకారము, సన్నగా రుబ్బిన తిండిచెత్తను తీరమునకు 3 నాటికల్ మైళ్లకు ఆవలను, రుబ్బనిదానిని 12 మైళ్లకు ఆవలను మాత్రమే విడువవచ్చును. కొన్ని ప్రత్యేక సముద్రములలో రుబ్బినదానినైనను 12 మైళ్లకు లోపల విడువరాదు. అనగా మనము వదలినది రైతు చేతినుండి ఓడవఱకు ఇంత దూరము వచ్చి, తుదకు నీటిపాలగును. కావున మొదట పళ్లెము లేకుండ శాలయంతయు ఒక్కసారి తిరిగి చూచి, పిదప కొంచెము కొంచెము వడ్డించుకొనుడు. కావలసినచో మఱల పోవచ్చును. బల్ల యెక్కడికిని పోదు.

పిల్లలతో పోవు తల్లులకు కొన్ని సూచనలు. చిన్నవారికి పళ్లెమును తల్లియే పట్టి వడ్డింపవలయును. వారి చేతికి పటకారు నీయరాదు. వేడి టీ పాత్రల చెంత పరుగెత్తనీయరాదు. ఓడ యొక్కింత ఒరిగినను ప్రమాదము. తల తిరుగు దినమున నూనెవంటకములు మాని, పొడి రొట్టె, ఆపిలు, అల్లము పుచ్చుకొనుట హితము. తీరమున దిగునప్పుడు ఆకలి వేయునని అరటిపండును సంచిలో దాచుకొనిపోవు అలవాటు మనలో మెండు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, అమెరికా మొదలగు దేశములు పంటల తెగుళ్ల భయమున దీనిని నిషేధించి జరిమానా వేయుచున్నవి. మూతకట్టిన బిస్కత్తులైనను అచ్చటి నియమమును అడిగి తెలిసికొనియే తీసికొనిపోవలయును.

సోదరీమణులారా! ఇంట వడ్డించునది ఎప్పుడును మనమే. ఓడలో ఆ యొక్క వారమైనను మనకు విశ్రాంతి దొరకుట సంతోషమే. దానిని నిండుగా ననుభవింపుడు. అయినను ఇంటి వడ్డనలో నేర్చిన చేతిశుభ్రతను, ఇతరుల విస్తరిపై నుంచు కనికరమును రేవున విడిచిపెట్టి పోకుడు. మన బిడ్డలకు, భర్తలకు ఆ రెండును నేర్పుడు. వడ్డన స్త్రీల పనియే యని యెంచు మగవారు చేతులు కడుగుకొని గరిటె పట్టుటకు ఓడకంటె మంచి పాఠశాల లేదు.